పొలుసు ఎవరు తీయాలె

మా ఇంట్ల ఒక రివాజు ఉంది. ఆదివారం ఇబ్రహీంపట్నం చెరువు చేపలు తెచ్చినంక నేనొక కథ చెప్త. ఉండబట్టలేక "ఆ తర్వాత?" అని అడిగినోళ్లే ఆ చేపల పొలుసు తీయాలె. ఇన్నేండ్లల్ల నా చేతికి పొలుసు అంటలేదు. అందులో నా గొప్ప కొంతే, మిగిలిందంతా తెలుగుది. ఏం జరిగిందన్నది మన మాటల్ల చివరికి గదా వస్తది! "చెరువులున్న గా బొచ్చె చేప నన్ను, నా పడవను, పడవలున్న సద్దిమూటను..." అని సాగదీస్తూ ఎదుటోళ్ల మొఖం చూస్త. నమ్మేటట్టుంటే "మింగింది" అంట. అనుమానపడితే "చూసి పోయింది" అంట.

మా అన్న బిడ్డ ఫిలిప్పీన్స్‌ల డాక్టర్ చదివింది. మొన్న ఎండాకాలం అక్కడి దోస్తును వెంటబెట్టుకొని వచ్చింది. ఆ పిల్లకు రివాజు వివరంగ చెప్పి కూసోబెట్టినం. నేను బొచ్చె కథ ఎత్తుకున్న. తర్జుమా చెయ్యాల్సిన మా అన్న బిడ్డ నోరు తెరిచి అట్లనే ఉండిపోయింది.

"కాకా, మింగిందా, ఇడిసిపెట్టిందా? జెల్ది చెప్పు."

"అడిగినవ్! పొలుసు నీదే!"

"తర్జుమా కోసం అడిగింది, లెక్కలకు రాదు," అని మా వదిన తీర్పిచ్చింది.

"వీళ్ల తగలోగ్ భాషల ఏం జరిగిందో ముందుగాల చెప్పాలె కాకా. మింగింది, పడవను, చేప. గట్ల."

నాకు మస్తు జాలేసింది. అంతమంది జనానికి ఒక్క అబద్ధాన్నన్నా ఊరబెట్టుకునే సౌలతు లేదు పాపం. "మింగింది" అనేసిన. ఆ పిల్ల విని, తలూపి, బిస్కెట్ తీసుకుంది.

"నీ కథేందో నువ్వు చెప్పు మరి," అన్న ఉక్రోషంగ.

ఆ పిల్ల ఒక్కో ముక్క అంటుంటే మా బిడ్డ అదే వరుసల తెలుగు చేసింది.

"ఎత్తుకపోయింది..."

చాయ్ గ్లాసులు ఆగినయ్.

"మా తాత పడవను..."

ఆ పిల్ల ఆగింది. ఒక గుక్క చాయ్ తాగింది. నా దిక్కు చూసి ఇంకో గుక్క తాగింది. చేసింది ఎవరన్నది ఆ భాషల ఆఖరుదాకా దాచుకోవచ్చని నాకెవరూ చెప్పలే. మొసలా? గాలివానా? దయ్యమా? నా నోరు నా మాట వినలేదు.

"ఎవరు?" అన్న.

వదిన చప్పట్లు కొట్టింది. "అడిగినవ్ మరిదీ! కత్తి, బూడిద నల్లా కాడున్నయ్, పో."

నల్లా కాడ గొంతుక్కూసొని రెండు చేపలు తోమి, ఇగ ఆగలేక కేకేసిన: "ఎవరు ఎత్తుకపోయిండ్రో జర చెప్పుండ్రి!"

లోపట గుసగుసలు, నవ్వులు.

"ముందుగాల ఆ పెద్దదాని పొలుసు కానియ్యమంటుంది కాకా."