ఎంగిలి సంగటి కొలత

హిందూపురం బజారులో మా నాయనకు చెప్పుల అంగడి ఉండేది. పంతొమ్మిది వందల యాభైల చివర్లో నేనూ అందులోనే కూర్చునేవాణ్ణి. చెప్పులు కుట్టేది నాయన, పేరొచ్చేదీ నాయనకే. నా వంతుకు మిగిలింది కాళ్ల కింద పడే తోలు ముక్కలు. అమ్మ వాటిని ఊడ్చి పారబోస్తుంటే అడ్డుపడి, వాటితో పనిముట్లకు పిడులు చేయడం మొదలుపెట్టాను.

పని పెద్ద కష్టం కాదు, ఓపిక కావాలి. మందం తోలును బిళ్లలుగా కోసి, నడుమ చిల్లు పెట్టి, ఆరె వెనకుండే ఇనుప తోకకు ఒకదాని మీద ఒకటి గుచ్చాలి. ఆరె అంటే తోలుకు తూట్లు పొడిచే మొన. బిళ్లకూ బిళ్లకూ మధ్య చింతగింజల జిగురు పూయాలి. చివర ఇత్తడి బిళ్ల పెట్టి తోక కొనను సుత్తితో అణగ్గొడితే ఇక కదలదు. ఆరాక కత్తితో చెక్కి, గాజు పెంకుతో గీకి, మైనం రుద్దితే నలుపూ ఎరుపూ చారలతో పిడి మెరుస్తుంది. ఎవరి వేళ్లకు తగ్గట్టు వాళ్లకు పల్లాలు చెక్కుతాను కాబట్టి, నా పిడి పట్టినవాడు ఇంకో పిడి ముట్టడని బజారంతా చెప్పుకొనేవాళ్లు. అంటే, నేనే అంగడి అంగడికీ వెళ్లి చెప్పుకొనేవాణ్ణి.

ఆ రోజుల్లోనే పెనుకొండలో కాపురముంటున్న మా అక్క కబురు పెట్టింది. ధర్మవరంలో ఒక పిల్ల ఉంది, తండ్రిదీ చెప్పులు కుట్టే పనే, రెండు ఊళ్లకూ నడుమ మా ఇల్లుంది, ఇక్కడే చూసుకోండి అని. బొగ్గు రైలుబండి ఎక్కి వెళ్లాను. కంట్లో నలుసు పడి ఒక కన్ను ఎర్రగా ఉంది. ఉన్న ఒక్క కంటితోనే పిల్లను చూశాను. ఇక ఆ పిల్ల తప్ప ఇంకెవరూ వద్దనిపించింది. దాచుకోవడం దేనికి, అంత సూటిగానే అనిపించింది.

పిల్ల తండ్రి మాత్రం నన్ను తోలు ఎంచినట్టు ఎగాదిగా చూశాడు.

"ఏమప్పా, నీకేం పని వచ్చు?"

"పిడులు చేస్తానండి. ఎవరి చేతికి తగ్గట్టు వాళ్లకు."

"నా చేతికి కుదిరే పిడి ఇంతవరకూ ఎవుడూ చేయలా. కొయ్యపిడితో బొబ్బలే. అట్లాంటి పిడితో ఒక ఆరె చేసుకొని రా, పిల్లనిచ్చే మాట అప్పుడు సూస్తాం."

"అయితే చెయ్యి ఒకసారి చూపించండి, కొలత తీసుకుంటాను."

"చెయ్యి సూసేకి నువ్వేమన్నా జోస్యం చెప్పేవానివా? పనోడైతే సూడకనే చేయల్ల" అని రెండు చేతులూ తువ్వాలు కింద దాచేశాడు.

నాకు ఒళ్లు మండింది. కానీ అక్క వాకిట్లో నిలబడి కళ్లతోనే నా నోరు మూయించింది.

మధ్యాహ్నం రాగిసంగటి, మాంసం పులుసు పెట్టారు. ఆయన పక్కనే నా విస్తరి. సంగటి ముద్దను ఆయన తుంచుకొని తినడు, పిడికిట్లో పట్టి పిసికి, ఆ తర్వాత పులుసులో ముంచుతాడు. చివరి ముద్దను గట్టిగా పిసికి, కడుపు నిండిపోయిందని విస్తట్లోనే వదిలి లేచాడు. ఆ ముద్ద మీద నాలుగు వేళ్లూ, బొటనవేలూ, అరచేయీ అచ్చుగుద్దినట్టు ఉన్నాయి. చెయ్యి చూపించనన్నాడు కదా, ఇదిగో చెయ్యి!

విస్తరి ఎత్తడానికి వచ్చిన అక్క, నేను ఆ ముద్దను మోదుగాకులో చుట్టడం చూసి నెత్తి కొట్టుకుంది.

"థూ! ఎంగిలిరా అది! యాడికి మోసుకుపోతాండావు?"

"ఊరుకో అక్కా, ఇది నా పెళ్లి" అన్నాను. తలుపు వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ పిల్లే.

హిందూపురం చేరేసరికి ముద్ద ఎండి బీటలు వారింది. మూడో రోజుకు రాయయింది. దాన్ని ఎదురుగా పెట్టుకొని, వేలివేలికీ పుల్లతో కొలతలు తీసి, బొటనవేలి గుంట దగ్గర రెండు రోజులు గీకాను. మా అమ్మ చీమలను తిట్టింది, నన్ను తిట్టింది, చివరికి పెనుకొండనే తిట్టింది. కానీ అంత అందమైన పిడి నేను అంతకు ముందు చేయలేదు. దారంతా దాన్ని జేబులోంచి తీసి చూసుకుంటూనే ధర్మవరం చేరాను.

ఆయన గుమ్మం పక్కన గోనెసంచి మీద కూర్చొని, కుట్టిన చెప్పును తిప్పి చూసుకుంటున్నాడు. పిడి బిగించిన కొత్త ఆరెను ముందు పెట్టాను. చారలు చూసి ఆయన కనుబొమలు లేచాయి. నా ఛాతీ ఇంకొంచెం విరుచుకుంది. అప్పుడు ఆయన చెయ్యి చాపాడు.

ఎడమ చెయ్యి.

పిడి ఆయన పట్టులో అడ్డంగా తిరిగింది. బొటనవేలి గుంట మిగతా వేళ్ల కిందికి పోయింది. ఆయన చేతులను నేను చూసింది అన్నం దగ్గర ఒక్కసారే. ఎడమచేత్తో ముద్ద ముట్టుకుంటే ఏ ఇంట్లోనైనా అవ్వ గరిటెతో వేళ్లు విరగ్గొడుతుంది. ఎంత ఎడమచేతి వాటమున్నవాడైనా తినేది కుడిచేత్తోనే. ఈ మాత్రం నాకు తోచలేదు.

ముద్ద కథంతా ఒప్పుకున్నాను. ఆయన గోనెసంచి మీద పడిపడి నవ్వాడు.

"నేను తినేది సూసినావు గానీ, చేసేది సూడలేదప్పా. కూసో ఈడ. సూసి, ఇంకోటి చెయ్."

మూడు రోజులు ఆయన ఎడమ పక్కన కూర్చున్నాను. మంచినీళ్లు తెచ్చిన పిల్లను మెల్లిగా అడిగాను, ఆ రోజు నేను ముద్ద చుట్టుకుంటుంటే నవ్వావే, మీ నాయనది ఎడమచెయ్యని ఒక్క మాట చెప్పకూడదా అని.

"పిడి కోసమని నాకేం తెలుసు? నీకింకా ఆకలి తీరలేదేమో అనుకుంటి" అంది.

రెండో పిడి కుదిరింది. మా పెళ్లయింది. మొదటి పిడిని ఎక్కడ పారేశారో అడిగే ధైర్యం నాకు లేకపోయింది.

ఆరేళ్ల తర్వాత మామ ఎద్దులబండి దిగుతూ పడి ఎడమ మణికట్టు విరగ్గొట్టుకున్నాడని తెలిసి, నేనూ నా భార్యా ధర్మవరం వెళ్లాం. మంచంలో ఉంటాడనుకున్నాం. ఆయన ఎడమచేతికి వెదురుబద్దల కట్టుతో అదే గుమ్మం పక్కన కూర్చొని, ఒళ్లో చెప్పును మోకాళ్లతో అదిమిపెట్టి, కుడిచేత్తో తూట్లు పొడుస్తున్నాడు. తూట్లన్నీ వంకర టింకరగా ఉన్నాయి. ఆ చేతిలో నలుపూ ఎరుపూ చారల పిడి. వేళ్లు ఒక్కొక్కటీ నేను చెక్కిన పల్లాల్లో సరిగ్గా కూర్చున్నాయి. నాకు కళ్లు చెమర్చాయి. ఈసారి నలుసు మీద నెట్టేయడానికి కూడా లేదు.

"దీన్ని దాచిపెట్టావా మామా?"

"దాపెట్టక? నా బిడ్డనిచ్చింది దీన్ని సూసే గదప్పా. ఎంగిలని కూడా సూడకుండా ముద్ద ఎత్తుకపోయినోడు నా బిడ్డను బాగా సూసుకుంటాడని, నువ్వు ఆ ముద్ద కథ చెప్పిన పొద్దే అనుకుంటి."

ఆ మూడు రోజులూ పిల్లనిస్తాడో ఇవ్వడో అని ఆయన పక్కన కూర్చున్నది గుర్తొచ్చింది. నా పాత కోపం మళ్లీ లేచింది.

"మరి రెండో పిడి ఎందుకు చేయించావు?"

మామ నన్ను వింతగా చూశాడు.

"నాకు పిడి కావల్ల గదప్పా!"