మా అమ్మ దాచని మాట

పెళ్ళిచూపుల నాడు మా అమ్మ ఓబులమ్మ తన నోటి మాటతోనే ఒక సంబంధం చెడగొట్టుకుంది. ఆ సంగతి చెప్పుకునేటప్పుడు మా ఇంట్లో ఇప్పటికీ అందరం కాస్త తల ఎత్తుకొని కూర్చుంటాం.

అమ్మ పుట్టింది మడకశిర పక్కన ఒక పల్లెలో. మగవాళ్ళు గొర్రెలు మేపి కంబళ్ళు నేసేవాళ్ళు, ఆడవాళ్ళు ఉన్ని వడికేవాళ్ళు. అమ్మకు ఒక్కడే అన్న, తిప్పేస్వామి. పందొమ్మిది వందల యాభై రెండు కరువులో మేత లేక అందరి మందలూ తరిగిపోయాయి. మళ్ళీ వానలు పడ్డాక ఊరు తేరుకుంది కానీ తిప్పేస్వామి మామ తేరుకోలేదు. నిద్ర లేదు, కూడు సయించదు. మగ్గం ముందు కూర్చొని చేతులు కదపకుండా పొద్దు గడిపేవాడు. "నేనుండి మీకు బరువే గానీ ఏముండాది" అనేవాడు. గాలి సోకిందన్నారు. తాయెత్తు కట్టించారు, వేపమండలతో కొట్టించారు. ఏమవుతోందప్పా నీకు అని మాత్రం ఎవరూ అడగలేదు. ఒకనాడు ఆయన తన ప్రాణం తానే తీసుకున్నాడు.

తాత రంగన్న పోలీసులకు భయపడ్డాడు, ఊరి నోటికి ఇంకా ఎక్కువ భయపడ్డాడు. తప్పిపోయిన గొర్రెపిల్ల కోసం కొడుకు గుట్టెక్కి కాలు జారి పడ్డాడని చెప్పాడు. నిజం తెలిసినవాళ్ళు కూడా ఆ మాటే పట్టుకున్నారు. ఇంట్లో కొడుకు పేరు ఎత్తడం మానేశారు. అన్న పోయిన దుఃఖం ఒకటైతే, ఆయన గురించి అబద్ధం తప్ప ఇంకేమీ మాట్లాడకూడదనడం అమ్మకు అంతకన్నా పెద్ద దుఃఖమైంది.

కొన్నేళ్ళకు రొళ్ళ వైపు నుంచి సంబంధం వచ్చింది. పెళ్ళికొడుకు ఆంజనేయులు, వాళ్ళమ్మ కెంచమ్మ, పెదనాయన వచ్చారు. మాటల్లో పెదనాయన అడిగాడు:

"మగపిల్లోళ్ళు లేరా రంగన్నా?"

"ఒగడుండె. గుట్ట మీద కాలు జారి పోయినాడు" అన్నాడు తాత.

లోపల కూర్చున్న అమ్మ లేచి వాకిట్లోకి వచ్చింది.

"కాదు నాయనా. అన్న జారి పడలేదు. ఆయప్పకు మనసుకు జబ్బు చేసిండె. మనకు తెలీలేదు. తట్టుకోలేక ఆయప్పే ప్రాణం తీసుకున్నాడు. చేసుకునే వాళ్ళకు ఇది తెలియాల."

పెదనాయన తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు. "పిచ్చి ఉండే వంశం. లేయండి పోదాం" అన్నాడు. అందరూ వెళ్ళిపోయారు. తాత ఆ రాత్రి కూడు ముట్టలేదు. "నీ బతుకు నువ్వే చెడుపుకుంటివి గదమ్మా" అన్నాడు. "అన్నను మళ్ళీ మళ్ళీ గుట్ట మీద నుంచి తోయలేను నాయనా" అంది అమ్మ.

వారం తిరక్కముందే కెంచమ్మ ఒంటరిగా మళ్ళీ వచ్చింది. పైకి ఉన్ని కావాలని చెప్పింది. అమ్మ పక్కన కూర్చోగానే ఏడ్చింది.

"నా చిన్న కొడుకు సుంకన్న నెలల నుంచి మూల పట్టినాడు. ఏమడిగినా, బతికి ఏం జేసేదమ్మా అంటాండాడు. ఇంత వరకు ఎవురికీ చెప్పుకోలేదు. నువ్వు అంతమంది ముందర చెప్తివే, అప్పటి నుంచి నాకు నిద్ర లేదు. మీ అన్న మొదట్లో ఎట్లుండె?"

అమ్మ ఒక్కటీ వదలకుండా చెప్పింది. "ఒంటరిగా ఇడవద్దు. ఇది దయ్యం కాదు" అంటూ, తాత వారిస్తున్నా వినకుండా ఆమె వెంట బయలుదేరింది. ఇద్దరూ సుంకన్నను మడకశిర ఆసుపత్రికి తీసుకుపోయారు. డాక్టరు చూసి, బెంగుళూరులో మనసు జబ్బులకు పెద్దాసుపత్రి ఉందని, ఆలస్యం చేయొద్దని చెప్పాడు. హిందూపురం దాకా బస్సు, అక్కడి నుంచి రైలు. కన్నడం బాగా వచ్చేది అమ్మకే. అక్కడి డాక్టర్లతో ఆమే మాట్లాడింది. సుంకన్న కొన్ని నెలలు అక్కడే ఉండి తిరిగొచ్చాడు. చిక్కిపోయాడు, మాట నిదానించింది. కానీ మగ్గం ఎక్కాడు.

ఆ తర్వాత ఆంజనేయులు తానే తాత ఇంటికొచ్చాడు. "మా పెదనాయన ఏమన్నా అనుకోనీలే మామా. ఈ నోరు మా ఇంట్లో ఉండాల" అన్నాడట. ఆయనే మా నాయన.

అంతటితో కష్టం తీరిపోలేదు. నేను పుట్టిన కొన్నేళ్ళకు సుంకన్న చిన్నాయన బాగైపోయాననుకొని మాత్రలు మానేశాడు. మళ్ళీ నిద్ర లేకుండా పోయింది, మాట తగ్గిపోయింది. అమ్మ ఆయన ఎదురుగా కూర్చోబోతే కెంచమ్మవ్వ చెయ్యి పట్టుకుంది.

"చావు మాట అడగొద్దమ్మా. లేని ఆలోచన పుట్టిస్తావా?"

"అడిగితే పుట్టేది కాదత్తా. అడక్కపోతే లోపల్లోపల పెరిగేది" అని, ఆయన వైపు తిరిగింది. "సుంకన్నా, చచ్చిపోవాలనిపిస్తాండాదా?"

ఆయన తల ఊపాడు. "ఔను వదినా" అని భోరుమన్నాడు. అమ్మ ఆయన పక్కనే ఉండిపోయింది. మరునాడు నాయనా, అమ్మా కలిసి ఆయన్ను మళ్ళీ బెంగుళూరు తీసుకుపోయారు.

ఆయన కోలుకొని సంతలో కంబళ్ళు అమ్మడానికి కూర్చున్నప్పుడు ఒకాయన మెత్తటి కంబళి చేతికి తీసుకొని, ఎవరో చెవిలో ఏదో ఊదగానే కింద పెట్టేశాడు. "పిచ్చోడు నేసింది మాకొద్దు" అన్నాడు.

అమ్మ గొంతు సంతంతా వినిపించింది. "ఏమప్పా, జొరమొచ్చి తగ్గినోడు నేసిన కంబళి కప్పుకుంటే నీకు జొరమొస్తాదా? మా మరిదికి జబ్బు చేసె, మందు తింటాండాడు, పని చేస్తాండాడు. ఇందులో సిగ్గు పడేదేముండాది?"

ఆ కంబళి ఆయన కొనలేదు. సంత ముగిసే వేళకు ఇద్దరు ఆడవాళ్ళు విడివిడిగా వచ్చి, అమ్మను పక్కకు పిలిచి, తమ ఇళ్ళల్లో సంగతులు చెప్పుకున్నారు. అప్పటి నుంచి మా వాకిట్లోకి అట్లా వచ్చేవాళ్ళు ఆగలేదు. కొందరిని ఆమె ఆసుపత్రికి చేర్చగలిగింది. ఒకరిద్దరి విషయంలో ఆలస్యమైపోయింది. వాళ్ళ ఇళ్ళకు కూడా వెళ్ళి, పోయినవాళ్ళ పేరెత్తి మాట్లాడి వచ్చేది.

అరవై ఆరులో మళ్ళీ వానలు ముఖం చాటేశాయి. పొరుగూరి కుళ్ళాయప్ప అనే రైతు గది తలుపు తీయడం లేదని కబురొస్తే అమ్మ చెప్పులు వేసుకుంది. "నువ్వుండు వదినా, ఈసారి నేను పోతా" అన్నాడు చిన్నాయన. ఇద్దరూ కలిసే వెళ్ళారు. ఆ తలుపు బయట మెట్టు మీద కూర్చొని చిన్నాయన తన కథంతా చెప్పాడు. మూల పట్టడం, చావాలనుకోవడం, బెంగుళూరు, మాత్రలు, ఏదీ దాచలేదు. వీధిలో జనం మూగారు. ఆయన గొంతు తగ్గించలేదు.

కాసేపటికి లోపల గడియ తీసిన చప్పుడైంది. "నాకూ అట్లనే ఉండాదన్నా" అన్నాడు కుళ్ళాయప్ప.