కిందికి చూసే టెలిస్కోపు

మా మేనత్త వడ్రంగి. కిటికీలు, బీరువాలు, మంచాలు అన్నీ చేస్తుంది గానీ అందరికీ ఆవిడ తలుపులావిడే. ఆవిడ బిగించిన తలుపు ముసురు పట్టినా కిర్రుమనదు. కోపం ముక్కు మీదే ఉంటుంది. ఎవరైనా పనికి వంక పెట్టారో, వాళ్ళ పని అయిపోయినట్టే.

ఎవరింట్లోనో అటక బిగిస్తూ నిచ్చెన మీంచి పడింది. ఆపరేషన్ చేసి మెడలో ప్లేటు వేశారు. తల కిందికి కాస్త వంగుతుంది, పైకి మాత్రం లేవదు. ఒకరోజు సాయంత్రం మేడ మీద అందరం చందమామని చూస్తుంటే ఆవిడా చూడబోయింది, వల్ల కాలేదు. మా నాన్న ఆవిడకి అన్న. "నీకెందుకులే ఇవన్నీ, కిందికి పద" అన్నాడు. ఆ మర్నాడే ఆవిడ పనిచేసుకునే వడ్రంగి కొట్టుని స్కూటర్లు బాగుచేసే మనిషికి అద్దెకిస్తానని మాటిచ్చేశాడు. అంతా ఆవిడ మంచికేనట. మంచి చేసేవాళ్ళు ఒక్క మాట అడిగి చేస్తే ఏం పోతుందో నాకు ఇప్పటికీ తెలీదు.

అత్త తాళంచెవి ఇవ్వలేదు. చందమామని చూసే యంత్రం తనే చేసుకుంటానంది. నాన్న పడీ పడీ నవ్వి, అది పనిచేస్తే కొట్టు జోలికి రాననీ, చేయకపోతే తాళం తనకిచ్చేయాలనీ అన్నాడు. ఆవిడ సరేనంది.

ఆవిడ ఆలోచన ఏంటంటే, గొట్టాన్ని ఆకాశం వైపు ఎత్తక్కర్లేదు. పొడుగాటి టేకు పెట్టెని పీట మీద పడుకోబెడితే చాలు. ఒక చివర తిప్పుకునే చదును అద్దం వెలుగుని లోపలికి పంపుతుంది, రెండో చివర గుంట అద్దం దాన్ని పోగుచేస్తుంది, మధ్యలో ఒక చిన్న అద్దం దాన్ని పైకి తిప్పుతుంది. మనం పైనున్న కన్నంలోంచి బావిలోకి తొంగిచూసినట్టు కిందికి చూడాలి. అద్దాలు అరగదీసిచ్చిన కళ్ళజోళ్ళాయన ఇలాంటిది ఎక్కడా చూడలేదని పెదవి విరిచాడు. నాలాంటి మెడ కూడా చూసుండవులే అందావిడ.

ఆ పెట్టెలో ఒక్క మేకు లేదు. అంచులు పళ్ళుపళ్ళుగా కోసి ఒకదాంట్లో ఒకటి దిగేసింది. చీమ దూరే సందు లేదు. చిత్రిక పట్టిన చెక్క మీద చెయ్యి వేస్తే తీయబుద్ధి కాలేదు నాకు.

తీరా చూసిన సాయంత్రం, చందమామ పొయ్యి మీది ఆవిరిలోంచి చూసినట్టు వణికిపోయాడు. నాన్నకి జాలేసింది. దానికి వార్నిష్ కొట్టి హాల్లో పెట్టుకుందాం, చూడ్డానికి బాగుంటుంది అన్నాడు. ఆ జాలికి నా ఒళ్ళు మండింది. అత్త కన్నానికి బిగించిన చూసే గొట్టం ఊడదీసి లోపల వేలు పెట్టింది. లోపల వెచ్చగా ఉంది. పగలంతా కొట్టు కప్పు రేకుల కింద కాగిన గాలి బయటికి పోయే దారి లేక అక్కడే తిరుగుతోంది. ఆవిడ అతుకులు అంత బిగువు మరి.

"పాడు చేసుకోకే, అంత పనితనం" అని నాన్న చెయ్యి పట్టుకున్నాడు.

"పనితనం నాది. కోస్తాను" అంది అత్త.

అద్దాలు తీసి పక్కన పెట్టి, తను అంత మురిసిపోయిన పక్క చెక్కల్ని రంపంతో కోసేసింది. నేను చూడలేక మొహం తిప్పుకున్నాను. వాటి బదులు సన్నటి బద్దలు ఏటవాలుగా అల్లి, గాలి ఆడేలా చేసింది.

ఈసారి చందమామ కదల్లేదు. అంచున గుంటలు, గుంటల్లో నీడలు, అన్నీ గీసినట్టున్నాయి. అత్త చిన్న పీట మీద కూర్చుని, తల వంచి, తనివితీరా చూసుకుంది. తర్వాత నాన్న మోకాళ్ళ మీద కూలబడి చూశాడు. నా వంతు ఎప్పుడని ఎన్నిసార్లు అడిగినా లేవలేదు. చివరికి నడుం పట్టుకుని లేచి, బాగానే ఉంది గానీ ఇంకాస్త ఎత్తులో పెట్టాల్సింది అన్నాడు.

"ఇది నా మెడకి కొలిచి చేసుకున్నది, అన్నయ్యా" అంది అత్త. "నీ నడుముకి కావాలంటే పొద్దున కొట్టుకి రా. కొలతలిచ్చి వెళ్ళు."

నాన్న వెళ్ళాడు. ముందొచ్చినవాళ్ళ కిటికీ ఒకటుంది, అదయ్యాక చూస్తానని అత్త ఆయన్ని బయట బల్ల మీద కూర్చోబెట్టింది.