నేను గీసిన నది

ఒక నదిని పుట్టించి, దాని ఒడ్డునే దాహంతో పోబోయిన మనిషిని ఎప్పుడైనా చూశారా? ఇదిగో, నేనే. నవ్వుకోండి, ఏమీ అనుకోను.

అప్పట్లో కాలిఫోర్నియాలోని డబ్లిన్‌లో ఉంటూ ఒక చిన్న మ్యాపుల కంపెనీలో చేరాను. ఆ రాష్ట్రానికే ఉత్తరాన మనిషి మసలని అగ్నిపర్వతాల అడవికి కొత్త మ్యాప్ గీయాలి. రిటైరయినా ఆఫీసుని వదలని మూర్తి అంకుల్ చెక్ చేసి సంతకం పెడితేనే నా ఉద్యోగం పర్మనెంట్.

ఆయన ఎప్పుడో కాగితం మీద గీసిన పాత మ్యాప్ స్కాన్‌ని కంప్యూటర్‌లో తెరిచాను. కొండ మీంచి నిక్షేపంలా దిగిన నది లావా రాళ్ల దగ్గర ఠక్కున ఆగిపోయింది! నాలుగు మైళ్ల దిగువన మళ్లీ మొదలైంది. నది అన్నాక మధ్యలో టీ తాగడానికి ఆగుతుందా? నాకు అనుమానం వచ్చింది. అంకుల్ ఏ చెట్టుకిందో కునుకు తీసి, ఆ ముక్క ఎగ్గొట్టేసి ఉంటారు! పెద్దాయన పరువు తీయడమెందుకని, గుట్టుగా రెండు కొసల్నీ నీలి గీతతో కలిపేశాను.

అంకుల్ నా మ్యాప్ చూసి కళ్లద్దాలు సవరించుకున్నారు.

"ఇక్కడ నది ఉందా అమ్మాయ్?"

"డేటాలో ఉంది అంకుల్." ఎంత అబద్ధమో!

"అలాగా! శనివారం డ్రైవ్ చేసి చూసొద్దాం. చూశాకే సంతకం."

పులిహోర, ఆవకాయ సర్దుకున్నాను. నీళ్ల క్యాన్ కార్‌లోనే వదిలేశాను. ఎదురుగా నదిని పెట్టుకుని నీళ్లు మోసేదెవరండీ? అంకుల్ బ్యాగు మాత్రం బండెడు బరువుంది. నన్ను ఇరికించే పాత ఫైళ్లేవో అందులో ఉన్నాయని నా అనుమానం.

మూడు గంటలు నడిచి, దారిలో పులిహోరంతా లాగించి, నా నది చేరాం. కనుచూపు మేర నల్లటి రాళ్లే.

"నీళ్లేవి అంకుల్?"

"నన్నడుగుతావేంటమ్మా? గీసింది నువ్వు! ఇక్కడ నది రాళ్ల సందుల్లోకి ఇంకిపోతుంది. భూమి లోపల పారి, కింద ఊటగా పైకొస్తుంది. పాత మ్యాప్ కాగితం వెనక రాశాను కూడా. తిప్పి చూడలేదూ?"

అడుసు తొక్కనేల, కాలు కడగనేల అంటారు. కడుక్కుందామన్నా నా నదిలో చుక్క ఉంటేగా! గొంతులో ఆవకాయ భగ్గుమంటోంది.

"మీరు నిద్రపోయారనుకుని నేనే కలిపేశాను అంకుల్. ఉద్యోగం పోతే పోయింది, గుక్కెడు నీళ్లుంటే..."

ఆయన బ్యాగు తెరిచారు. ఫైళ్లు కావు, ఆరు నీళ్ల బాటిళ్లు!

"మూడు నాకు, మూడు నీకు. డేటాలో ఉందన్నప్పుడు నీ మొహం చూశానమ్మా. అనుమానం నాకు మాత్రం రాదా?"

సోమవారం నదిని చెరిపాను, సంతకం పడింది. ఆ రాళ్ల సాక్షిగా శపథం చేశాను: కళ్లతో చూడని నదిని గీయను. ఒకవేళ గీసినా, దాన్ని నమ్ముకుని ఆవకాయ మాత్రం తినను.