గత్తపు కప్పు కింద పైడయ్య

ప్రభుత్వ గ్రాంటు వస్తుందని గత్తానికి, అంటే పేడ ఎరువుకి, కట్టించిన షెడ్డును వెంకటరమణమ్మ అద్దెకిచ్చుకుందని కాలనీలో కొందరన్నారు. అది అబద్ధం. కొన ఊపిరితో ఉన్న మనిషిని పెంటకుప్ప మీద పడుకోబెట్టిందని మరికొందరన్నారు. అదీ నిజం కాదు. ఎదురింటి ఉమాశంకర్ మీద పంతంతో చేసిందన్నవారికి, ఆ గ్రాంటు సంగతి ఆమెకు చెప్పి దరఖాస్తు పెట్టించింది ఉమాశంకరేనని తెలియదు. అందరికన్నా ఎక్కువగా పొరబడినవారు ఆమె మీద జాలిపడినవారే. చదువులేని మనిషి, నియమం తెలియక నష్టపోయిందని వారన్నారు. నియమం ఆమెకు బాగా తెలుసు.

కూర్మన్నపాలెం దాటాక, ఉక్కు ఫ్యాక్టరీ పొగగొట్టాలు కనిపించే ఆ కాలనీ ఒకప్పుడు చేలు. ముందు వెంకటరమణమ్మ గేదెలు వచ్చాయి, తర్వాత ఇళ్లు వచ్చాయి. భర్త పోయాక ఆమెకు ఆ గేదెలే ఆధారం, ఆ పాలే జీవనం. పేడా చెత్తా కుప్పపోసి గత్తం చేసేది. వేసవిలో పల్లెల నుంచి రైతులు ట్రాక్టర్లతో వచ్చి ఆ ఎరువు తోలుకుపోయేవారు. వానాకాలంలో మాత్రం కుప్పలోంచి నల్లటి నీళ్లు వీధిలోకి పారి గుమ్మాల దగ్గర నిలిచేవి. కాలనీవాళ్లు ఫిర్యాదు చేశారు. ఆ ఫిర్యాదు న్యాయమైనదే. ఆ నీళ్లలోంచే పిల్లలు బడికి వెళ్లేవారు. గత్తానికి కప్పు వేయాలి, లేదా గేదెలను కాలనీ నుంచి తీసేయాలి అని నోటీసు వచ్చింది. నల్లనీళ్లు ఇక వీధిలోకి రానివ్వనని ఆమె కాలనీవాళ్లకు మాటిచ్చింది.

గ్రాంటు సంగతి ఉమాశంకర్ చెప్పింది అప్పుడే.

"షెడ్డు కట్టాక తనిఖీకొస్తారు. గత్తం కప్పు కిందే ఉండాల. బయట కనబడిందంటే గ్రాంటూ రాదు, గేదెలూ ఉండవు. తెలిసిందా?" అన్నాడు.

"గత్తానికి తెలీకపోయినా నాకు తెలిసింది బాబూ," అంది ఆమె.

వన్ టౌన్ నుంచి రేకులపని చేసే కరీం బాషా వచ్చాడు. గ్రాంటు వచ్చాకే తనకు డబ్బులివ్వమని, ఆమె మాట మీద పని మొదలెట్టాడు. సిమెంటు నేల, మూడు వైపులా మోకాలెత్తు గోడ, పైన కొత్త రేకులు. చివరి రేకు బిగించి దిగుతూ నవ్వాడు.

"పిన్నీ, మా ఇంటి మీద కూడా ఇంత మంచి రేకుల్లేవు. నీ గత్తం నవాబులాగ పడుకుంటాది."

"పడుకోనీరా. నవాబుని దగ్గర్నించి సూసినట్టుంటాది," అంది ఆమె.

తుఫాను పట్టిన వారంలోనే పైడయ్యను ఆసుపత్రి నుంచి ఇంటికి తీసుకుపొమ్మన్నారు. పోర్టులో బొగ్గు ఎత్తి ఊపిరితిత్తులు పాడుచేసుకున్న మనిషి. భార్య రామలక్ష్మమ్మతో ఉమాశంకర్ ఇంట్లో కింది వాటాలో అద్దెకుండేవాడు. వెంకటరమణమ్మకు చుట్టం కాదు. ఆమె పల్లెవాడు, అంతే. ఊరి వరసన మొగుడూ పెళ్లాం ఆమెను అక్క అనుకుని 'అప్పా' అనేవారు.

ధనిష్ఠా పంచకం నడుస్తోంది. ఆ నక్షత్రాల్లో ఇంట్లో ప్రాణం పోతే ఆ ఇంటిని నెలల తరబడి పాడుపెట్టాలని నమ్మకం. అదే ఇంట్లో పైవాటాలో ఉమాశంకర్ కోడలు నిండు చూలాలు. వెనకవాటాలో మరో కుటుంబం. ఇంటికి తాళం పడితే అందరూ వీధిన పడాల్సిందే. ఆయన క్రూరుడు కాడు. పైడయ్యను లోపలికి రానివ్వలేదు గాని, బయటి మెట్ల కింద మంచం వేయించి, తానే టార్పాలిన్ కొనితెచ్చి కట్టించాడు. గంట తిరక్కుండా గాలి దాన్ని ఊడబెరికింది.

రామలక్ష్మమ్మ తడుస్తూ గేదెల శాలకు పరుగెత్తుకొచ్చింది.

"అప్పా, జల్లు మొకమ్మీద కొట్టేత్తంది. కళ్లు కూడా తెరవలేకపోతన్నాడు."

వెంకటరమణమ్మ వీధి దాటి ఉమాశంకర్ ముందు నిలబడింది.

"బాబూ, ఈ పంచకం గేదెల సాలకి తగుల్తాదేటి?"

"అది ఇల్లు కాదు గదమ్మా. తగల్దు."

"అయితే నా గత్తం షెడ్డుంది."

"నీకు మతి గాని పోయిందేటి? తనిఖీకి ఈ వారమే వొస్తారు. గత్తం ఎక్కడెడతావు?"

"వాన్లో," అంది ఆమె.

గత్తమంతా తానే పారతో బయటికి ఎత్తిపోసింది. నేలను మూడుసార్లు కడిగింది. పసుపునీళ్లు చల్లి, ఎండుగడ్డి పరిచి, నులకమంచం వేసింది. పైడయ్యను మోసుకొచ్చినప్పుడు ఒక పక్క పట్టింది ఉమాశంకరే.

తనిఖీకి గుణశేఖర్ అనే అధికారి మరునాడే గొడుగేసుకుని వచ్చాడు. కప్పు కింద మనిషి, బయట వానలో గత్తం. రాయబోయిన కాగితం మడిచాడు.

"అమ్మా, ఇవాళ నేను రాలేదనుకోండి. రేపు పొద్దున వస్తాను. అప్పటికి గత్తం లోపలుంటే చాలు."

"లోపల మనిసున్నాడు బాబూ."

"మనిషి కోసం ఇచ్చే గ్రాంటు కాదమ్మా ఇది. నన్నేం చెయ్యమంటారు?"

ఆయన గొంతులో కాఠిన్యం లేదు.

మంచం మీది నుంచి పైడయ్య పిలిచాడు. మాటకీ మాటకీ మధ్య ఊపిరి వెతుక్కుంటున్నాడు.

"అప్పా... గత్తం తడిత్తే నోటీసొస్తాది. నాను తడిత్తే... ఎవులిస్తారు నోటీసు? నన్ను బయటెట్టీ."

"నోర్ముయ్‌రా. బతుకంతా బొగ్గుధూళి తిన్నావు. సచ్చినప్పుడైనా పొడిగా సావు," అంది వెంకటరమణమ్మ. కొంగుతో అతని మూతి తుడిచింది.

ఆ సాయంత్రం ఆమె ఊరుకోలేదన్నది కూడా చెప్పాలి. గత్తం మీద గడ్డి కప్పింది, ఉమాశంకర్ కొన్న ఆ టార్పాలిన్ పరిచింది, రాళ్లు పెట్టింది. చుట్టూ గట్టు వేసింది. తెల్లవారేసరికి గట్టు తెగి నల్లనీళ్లు వీధి చివరిదాకా పారాయి. గుణశేఖర్ మాట ప్రకారం వచ్చాడు. చూసింది చూసినట్టు రాసుకున్నాడు. అబద్ధమేమీ రాయలేదు.

ఆ మధ్యాహ్నమే పైడయ్య పోయాడు. భార్య చెయ్యి అతని నుదుటి మీద ఉంది. నుదురు పొడిగా ఉంది. ఏ ఇంటికీ తాళం పడలేదు. వాన మరునాడు ఆగింది.

గ్రాంటు రాలేదు. తనిఖీ తప్పిందని, నోటీసు గడువు తీరగానే గేదెలను తీసేయమన్నారు. గేదెలను తీసుకుపోవడానికి అనకాపల్లి వైపు నుంచి వ్యాను వచ్చిన రోజున, పెద్ద గేదె వ్యానుకు ఆనించిన బల్ల ఎక్కనని మొండికేసింది. వెంకటరమణమ్మ దాని మెడ నిమిరి, "ఎక్కవే తల్లీ, అక్కడ గడ్డి బాగుంటాదంట," అంది. ఎక్కింది. ఆమె మళ్లీ అటు చూడలేదు.

కరీం బాషా రేకులు అడగలేదు. ఆమే కబురుపెట్టింది.

"ఉండనీ పిన్నీ, నెమ్మదిగా చూద్దాం," అన్నాడతను నిచ్చెన పట్టుకుని.

"ఏటి సూత్తావు? కింద ఎట్టడానికి ఏటుంది నాకు? పట్టుకుపో నాయనా. నీ ఇంటిమీద మంచి రేకుల్లేవన్నావు గదా."

అతను నవ్వలేకపోయాడు. బిగించిన చేతులతోనే ఒక్కొక్కటీ విప్పి దించాడు. కింద నిలబడి ఆమె అందుకుంది.

ఇప్పుడామె ఒక అపార్ట్‌మెంటులో మెట్లు తుడుస్తోంది. ఆ వీధిలో నల్లనీళ్లు పారడం లేదు.

వెంకటరమణమ్మ నియమం తెలిసే తప్పింది. కాలనీకి ఇచ్చిన మాట తెలిసే తప్పింది, దానికి గేదెలన్నిటినీ పోగొట్టుకుంది. గత్తం కోసం వేసిన కప్పు కింద ఒక మనిషిని తడవకుండా చనిపోనిచ్చింది. ఆమె చేసింది ఇంతే.