ఆ పుస్తకంలో లేని మొహం

ఒక అబద్ధం ఆడాను. ముప్పై ఏళ్లు దాటింది. అప్పటి నుంచి మింగలేక కక్కలేక దాన్ని మోస్తున్నాను. నా భార్యకు కూడా తెలియదు. మీకెందుకు చెబుతున్నానంటే మీరు నన్నెరగరు కనుక. అదీ పిరికితనమే. కానివ్వండి.

నాది మార్కాపురం. బోర్డులు రాసేవాణ్ణి. ఫ్లెక్సీలొచ్చి ఆ పని మట్టికొట్టుకుపోయింది. ఆ రోజుల్లో బోర్డులతో పాటు ఒక మాసపత్రికకు లోపలి బొమ్మలు వేసేవాణ్ణి. రాకెట్లు, వేరే గ్రహాలవాళ్లు, మాట్లాడే యంత్రాలు, ఇవీ అందులో కథలు. అట్ట మీద రంగుల బొమ్మ ఎవరో పట్నం ఆర్టిస్టు వేసేవాడు. లోపల నలుపూ తెలుపూ నా వంతు. చవక కాగితం కదా, సన్నటి గీతలు దగ్గర దగ్గరగా గీస్తే సిరా పాకి ముద్దయిపోయేది. ఉంటే కటిక నలుపు ఉండాలి, లేదా కాగితాన్ని తెల్లగా వదిలెయ్యాలి, మధ్య రంగు మాత్రం పెట్టొద్దని ఎడిటర్ గారు మొదట్లోనే చెప్పేశారు.

ఆ బొమ్మలు నా బుర్రలోంచి వచ్చినవి కావు. మా నాయన పలకల ఫ్యాక్టరీలో ప్యాకింగు చేసేవాడు. పలకలు పగలకుండా మధ్యలో పెట్టడానికి మద్రాసు నుంచి చిత్తుకాగితాల బేళ్లు వచ్చేవి. వాటిలో అప్పుడప్పుడు పాత అమెరికా పత్రికలు దొరికేవి. గాజుబుడ్డి టోపీల మనుషులు, సాలెపురుగు కాళ్ల యంత్రాలు, అన్నీ నల్లసిరా బొమ్మలే. నాయన వాటిని తీసి నాకోసం ఇంటికి తెచ్చేవాడు. నేను ఒకదాంట్లోంచి రాకెట్టు, ఇంకోదాంట్లోంచి కొండ ఎత్తి, రెండూ కలిపి కింద నా సంతకం పెట్టేవాణ్ణి. దొంగతనమే. కానీ నేను చెప్పుకోవాల్సింది ఆ దొంగతనం గురించి కాదు. నేను దొంగిలించకుండా వేసిన ఒకే ఒక్క బొమ్మ గురించి.

ఒకసారి ఒక కథ వచ్చింది. వేరే గ్రహం నుంచి ఒక ఆడమనిషి దిగి, ఊళ్లో పసిపిల్లల్ని ఒక్కొక్కరినే తన ఓడలోకి ఎత్తుకుపోతుంది. ఆమె మొహం పేజీ నిండా కావాలన్నారు. చూడగానే మనిషే అనిపించాలి, మరుక్షణం కాదనిపించాలి. ఇంట్లో ఉన్న పత్రికలన్నీ తిరగేశాను. వాటిలో ఆడవాళ్లంతా సినిమాతారల్లా పెదాలు ముడిచి నిలబడ్డారు. ఒక్కరూ పనికి రాలేదు.

నా షాపుకి ఎదురుగా బాలవాడి ఉండేది. అందులో పిల్లల్ని చూసుకునే ఆమెను ఓబులక్క అందాం. అసలు పేరు అది కాదు. ఓబులక్కకు బొల్లి. నల్లటి మొహం మీద ఒక కంటి చుట్టూ, నోటి చుట్టూ, గడ్డం కిందా తెల్లటి మచ్చలు. పెద్దవాళ్లు ఆమె చేతి నీళ్లు తాగడానికి వెనకాడేవాళ్లు. పిల్లలకు ఆ గొడవే లేదు. ఒళ్లో ఎక్కి కూర్చునేవాళ్లు. ఒక పిల్లయితే ఆ తెల్లమచ్చ అంచును వేలితో రాస్తూ రాస్తూ నిద్రపోయేది.

ఆ రోజు తలెత్తి చూస్తే నాకు ఓబులక్క కనిపించలేదు. కటిక నలుపు, తెల్ల కాగితం కనిపించాయి. మధ్య రంగు లేని మొహం. అన్నం కూడా తినకుండా కూర్చుని వేసేశాను. చేతికి అంత సుఖం ఎప్పుడూ తెలియలేదు. ఎడిటర్ గారు పక్క దుకాణానికి ఫోన్ చేసి, నన్ను పిలిపించి మరీ మెచ్చుకున్నారు. ఇన్నాళ్లకు నీ గీత దొరికిందయ్యా అన్నారు.

పత్రిక రాగానే ఆ పేజీ చింపి షాపు తలుపుకి అంటించాను. బాలవాడికి పోయేవాళ్లంతా ఆ తలుపు ముందు నుంచే పోవాలి. ఎందుకు అంటించాను? ఎవరూ పోల్చుకోరనుకున్నానా? లేక పోల్చుకుంటే నా పనితనం ఊరికి తెలుస్తుందనుకున్నానా? మొదటిదేనని చాలా ఏళ్లు నన్ను నేనే నమ్మించుకున్నాను. రెండోదే.

సాయంత్రానికి వీధి మొత్తం పోల్చుకుంది. "ఓరి నీ! అచ్చం ఓబులక్కే గదరా!" అని ఒకటే నవ్వులు. కథ చదివినవాళ్లు చదవనివాళ్లకు చెప్పారు. ఇక తల్లులు అందుకున్నారు. "ముద్ద మింగుతావా, ఓబులక్కను పిలిచేదా? ఎత్తుకపోతాది సూడు!" వాళ్లకది సరదా. పిల్లలకు కాదు. కొద్దిరోజుల్లోనే బాలవాడి గడప దగ్గర గుక్కపట్టి ఏడవడం మొదలైంది. మచ్చను రాస్తూ నిద్రపోయే పిల్ల వాళ్లమ్మ మెడ పట్టుకుని వదల్లేదు. ఓబులక్క కొంగు మొహం మీదికి లాక్కుని, పిల్లలకు వీపు తిప్పి గిన్నెలో ఉప్మా కలపడం నేను షాపులోంచి చూశాను. అప్పుడు ఆ పేజీ పీకేశాను. ఏం లాభం, సచ్చుపని.

ఒక మధ్యాహ్నం తనే షాపుకి వచ్చింది. తిడుతుందనుకున్నాను. తిట్టి ఉంటే బాగుండేది.

"ఏం తమ్ముడా, ఆ బొమ్మ నన్ను సూసి ఏసినావా?"

"అయ్యో, కాదక్కా. అమెరికా పుస్తకంలో ఉండాది. దాన్ని సూసి దించినా."

"ఒట్టు?"

"ఒట్టక్కా."

ఆమె మొహం మీది కొంగు తీసింది.

"అట్లయితే ఆ దేశంలో గూడా ఉండారన్నమాట, నా మాదిరోళ్లు."

"ఉండారక్కా."

"ఎంత వయసుంటాది ఆయమ్మకు?"

"నీ ఈడే ఉంటాది."

"పిల్లలుండారా?"

"ఇద్దరు," అన్నాను. ఎందుకన్నానో ఈ రోజుకీ తెలియదు. అడిగితే వాళ్ల పేర్లు కూడా చెప్పేవాణ్ణేమో. ఆ పుస్తకం ఒకసారి చూపించమంది. ఇంట్లో వెతకాలన్నాను. కనపడిన ప్రతిసారీ అడిగింది, దొరికిందా అని. దొరకలేదక్కా అన్నాను. బతుకంతా వేరేవాళ్ల బొమ్మలు నావని చెప్పుకుని, నాదైన ఒక్క బొమ్మను వేరేవాళ్లదని చెప్పినవాణ్ణి నేను. తర్వాత పిల్లలు రావడం లేదని ఆమెను బాలవాడిలోంచి తీసేశారు. తమ్ముడి దగ్గరికి బేస్తవారిపేట పోయి గొర్రెలు కాసుకుంది.

నిజం చెప్పి కాళ్లు పట్టుకోవాలని అనుకోలేదా? అనుకున్నాను. కానీ ఆ అబద్ధం ఆమెకు తోడుగా ఉంది కదా, దాన్ని లాగేసుకోవడమెందుకని ఆగానంటే వినడానికి బాగుంటుంది. సగం నిజం కూడా. మిగతా సగం భయం, సిగ్గు.

మొన్న వేసవిలో బేస్తవారిపేటలో ఒక పెళ్లికి పోయాను. భోజనాల దగ్గర ఒక ముసలామె పిలిచింది. గుర్తుపట్టలేదు. బొల్లి మొహమంతా పాకి, ఇప్పుడు మచ్చంటూ ఏదీ లేదు, మనిషి మొత్తం తెల్లగా ఉంది. గొంతును బట్టి పోల్చుకున్నాను. పక్కనున్న మరదలితో చెప్పింది, "ఈ తమ్ముడే, నా మాదిరామె బొమ్మ అమెరికా పుస్తకంలో సూసినోడు." మరదలికి ఆ కథ ముందే తెలిసినట్టుంది, తలూపింది. ఓబులక్క నా చెయ్యి పట్టుకుంది.

"ఆయమ్మ బతికే ఉంటాదా తమ్ముడా? పిల్లలు బాగా సూసుకుంటా ఉండారంటావా?"

"బాగానే సూసుకుంటా ఉంటారక్కా," అన్నాను.

ఆ చెయ్యి విడిపించుకుని, పెట్టిన అన్నం తినకుండా బస్సెక్కాను.

అమెరికాలో అట్లాంటామె లేదు. ఆమెకు ఇద్దరు పిల్లలు లేరు. ఏ పుస్తకంలోనూ ఆ మొహం లేదు. అది ఓబులక్క మొహం, ఆమెను చూసే వేశాను. ఆమెతో అనలేకపోయిన మాట ఇదే. ఇక్కడైనా రాశాను, కాస్త ఊపిరి ఆడుతోంది.