ఆటు కోసం ఆగిన మాస్టారు

నిన్న మా బడి ప్రహరీ గోడకి బొమ్మలు వేయించారు. అడవి, జింక, నవ్వుతున్న సూర్యుడు. తెలుగు టీచర్ని కాబట్టి, కింద ప్రకృతి గురించి నాలుగు మంచి మాటలు రాసివ్వమని నన్నడిగారు. పెన్ను పట్టుకుని కూర్చున్నానేగానీ ఒక్క మాటా రాలేదు. మా సైన్సు మాస్టారికి ఇదే బడి చేసింది గుర్తొచ్చి ఒళ్లు మండింది.

ఆయనది తగరపువలస దగ్గర పల్లెటూరు. పెందుర్తిలో మా బడిలో చేరిన రోజు నుంచీ ఒకటే పట్టు. తొమ్మిదో తరగతిని భీమిలి దారిలో సముద్రపు రాళ్ల దగ్గరికి తీసుకెళ్లాలి, పుస్తకంలో బొమ్మలుగా ఉన్న జీవుల్ని ప్రాణంతో చూపించాలి. నీళ్లు వెనక్కి తగ్గినప్పుడే, అంటే ఆటు వేళకే, ఆ రాళ్లు బయటపడతాయి. ఒకసారి వీక్లీ టెస్టు అడ్డొచ్చింది. ఇంకోసారి బస్సుని అడ్మిషన్ల ప్రచారానికి పంపేశారు. చివరికి అనుమతి దొరికితే అది పొద్దుటి పూటకి. ఆ రోజు ఆటు సాయంత్రం నాలుక్కని ఆయన మొత్తుకున్నారు. "సాయంత్రం స్టడీ అవర్ ఉంది మాస్టారూ. అది కొంచెం ముందుకి జరగదా?" అన్నారు మా కరస్పాండెంటుగారు. అది అంటే సముద్రం. నేను పక్కనే ఉన్నాను, ఆయన వేళాకోళానికి అనలేదు.

తోడుగా నేనూ వెళ్లాను. బస్సు దిగేసరికి రాళ్ల జాడే లేదు, కెరటాలు గట్టు దాకా వచ్చి కొడుతున్నాయి. పిల్లలు బ్యానరు పట్టుకుని ఫొటోలు దిగారు, పులిహోర తిన్నారు, ఇసకలో పేర్లు రాసుకున్నారు. మాస్టారు తెచ్చిన లావుపాటి తాడు ఆయన భుజానే ఉండిపోయింది. "బావా, ఒంటిగంటకల్లా బండి బడికాడ ఉండాలంట," అన్నాడు వాళ్ల ఊరివాడే అయిన డ్రైవరు. మాస్టారు సముద్రంకేసే చూస్తూ, "నాను రాను. నీళ్లు తగ్గీవరకు పిల్లలు ఇక్కడే ఉంటారు," అన్నారు.

"ఉద్యోగం పోతుంది మాస్టారూ," అన్నాను.

"ఏటి సెయ్యమంటారు మేడం? రాళ్లు సూపిత్తానని కెరటాలు సూపించి తీసుకుపోతే, రేపు నా పాఠం ఎవులు నమ్ముతారు?"

డ్రైవరూ బండి తియ్యకుండా ఆగిపోయాడు. మాస్టారూ నేనూ కూర్చుని తల్లిదండ్రులకి ఫోన్లు చేశాం. కొందరు సరేనన్నారు, కొందరు తిట్టి సరేనన్నారు. కరస్పాండెంటుగారి ఫోన్లు వస్తూనే ఉన్నాయి. మూడు దాటాక నల్లటి రాళ్లు ఒక్కొక్కటే తేలాయి. మాస్టారు, డ్రైవరు చెరో కొసా పట్టుకుంటే ఆ తాడు ఆసరాతో పిల్లలు పాచిరాళ్ల మీద నడిచారు. గుంటల్లో గోరంత పీతలు, ముట్టుకుంటే ముడుచుకుపోయే పువ్వులాంటి జంతువులు. క్లాసులో నోరు విప్పని ఒక అమ్మాయి రాతి మీద బోర్లా పడుకుని, "సార్, ఇది నా వేలు పట్టుకుంటంది," అంది మెల్లగా. మాస్టారు ఆ పిల్ల పక్కనే తడిలో చతికిలబడ్డారు.

సోమవారం ఆయన్ని రావద్దన్నారు. నేను వెళ్లి వాదించాను. క్రమశిక్షణ గురించి ఉపన్యాసం విని వచ్చాను. ఇప్పుడాయన మద్దిలపాలెంలో ఒక కోచింగ్ సెంటర్లో, కిటికీ లేని గదిలో, బిట్లు చెబుతున్నారు. ఆ తరవాత మా బడి నుంచి ఏ తరగతీ అటు వెళ్లలేదు. ఏటా తొమ్మిదిలోకి వచ్చిన పిల్లలు మమ్మల్నెప్పుడు తీసుకెళ్తారని అడుగుతారు. వచ్చే ఏడంటాను. ఆ ఏడు వచ్చేసరికి వాళ్లు పదో తరగతి పరీక్షల్లో పడిపోతారు. సముద్రానికైతే ఆటు మళ్లీ వస్తుంది, పద్నాలుగేళ్ల వయసు మాత్రం వెళ్లిందంటే వెళ్లినట్టే.